ఒంట్లో వేరే జబ్బు ఉన్నప్పుడు థైరాయిడ్ పరీక్ష

"నాన్నకి థైరాయిడ్ కూడా వచ్చిందా డాక్టరుగారూ?"

ఐ.సి.యు. బయట ఒక అబ్బాయి చేతిలో రిపోర్టు పట్టుకుని అడిగిన ప్రశ్న ఇది. తండ్రికి యాభై ఎనిమిదేళ్ళు, కౌలు రైతు. జ్వరం, దగ్గు అని పది రోజులు ఊళ్ళోనే ఇంజెక్షన్లు చేయించుకుని, న్యుమోనియా ముదిరాక మన ఆసుపత్రికి తీసుకొచ్చారు. తొమ్మిది రోజులు వెంటిలేటరు మీద ఉన్నారు. మధ్యలో ఒకసారి గుండె లయ తప్పింది. అందుకని మిగిలిన రక్తపరీక్షలతోపాటు థైరాయిడ్ పరీక్ష కూడా పంపించాం. టి3 బాగా తక్కువ, టి4 కాస్త తక్కువ, టి.ఎస్.హెచ్. 0.2 వచ్చాయి. టి.ఎస్.హెచ్. మామూలుగా సుమారు 0.4 నుంచి 4 వరకు ఉండాలి. అంటే ఆ రిపోర్టులో హద్దులో ఉన్న అంకె ఒక్కటీ లేదు.

"థైరాయిడ్ జబ్బు కాదు బాబూ, న్యుమోనియా వల్ల అలా కనిపిస్తోంది. కోలుకుని ఇంటికి వెళ్ళాక ఆరు వారాలకు మళ్ళీ చూద్దాం" అని చెప్పాను. డిశ్చార్జి కాగితంలో కూడా రాశాం. కానీ ఇంట్లోవాళ్ళకు మనసు ఆగలేదు. రెండు వారాలు తిరగకుండానే పట్నంలో మళ్ళీ పరీక్ష చేయించారు. ఈసారి టి.ఎస్.హెచ్. 13 వచ్చింది. రోజుకు 100 మైక్రోగ్రాముల థైరాక్సిన్ బిళ్ళ మొదలుపెట్టారు, జీవితాంతం వాడాలని చెప్పారు. నెలన్నర తర్వాత ఆ పెద్దాయన మా ఓ.పి.కి వచ్చారు. గుండెదడ, చేతుల వణుకు, రాత్రిళ్ళు నిద్ర లేకపోవడం. "ఆ జబ్బు తగ్గింది గానీ థైరాయిడ్ పట్టుకుంది" అన్నారు.

ఆయన్ను పట్టుకున్నది థైరాయిడ్ కాదు, బిళ్ళ. ఆయనకు థైరాయిడ్ జబ్బు ఎప్పుడూ లేదు.

బిళ్ళ రాసినవారిని తప్పుపట్టడానికి ఈ సంగతి రాయడం లేదు. వారి ముందు ఉన్నది ఒక్క కాగితం. దాని మీద టి.ఎస్.హెచ్. 13 అని ఉంది గానీ, పదిహేను రోజుల కిందటి వరకు ఈ మనిషి చావుబతుకుల్లో ఉన్నాడని లేదు. డిశ్చార్జి కాగితం ఇంట్లో బీరువాలో ఉండిపోయింది.

లస్కరు, లాకులు

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి ముఖ్యంగా టి4 అనే హార్మోనును, కొద్దిగా టి3ని తయారుచేస్తుంది. టి4 ఒక రకంగా నిల్వ సరుకు, అసలు పని చేసేది టి3. ఒంట్లో ఉండే టి3లో అయిదింట నాలుగు వంతులు గ్రంథిలో పుట్టదు. కాలేయం, మూత్రపిండాలు, కండరాలు వంటి చోట్ల టి4 నుంచే తయారవుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

డెల్టా ఊళ్ళవారికి కాలువ లస్కరు తెలుసు. కాలువలో నీటిమట్టం చూస్తూ, తగ్గితే షట్టరు ఎత్తుతాడు, పెరిగితే దించుతాడు. మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి మన ఒంట్లో లస్కరు. రక్తంలో థైరాయిడ్ హార్మోను తగ్గితే అది టి.ఎస్.హెచ్. ఎక్కువగా పంపి థైరాయిడ్‌ను పని చేయమని తొందరపెడుతుంది. హార్మోను పెరిగితే టి.ఎస్.హెచ్. తగ్గిస్తుంది. అందుకే టి.ఎస్.హెచ్. పెరిగితే థైరాయిడ్ మందగించిందనీ, తగ్గితే అతిగా పనిచేస్తోందనీ అనుకుంటాం. ఆరోగ్యంగా తిరుగుతూ ఓ.పి.కి వచ్చిన మనిషి విషయంలో ఈ లెక్క చాలావరకు సరిపోతుంది.

అయితే ఈ లెక్కంతా లస్కరు మామూలుగా డ్యూటీ చేస్తున్నాడన్న నమ్మకం మీద నిలబడింది. ఊరికి వరద వచ్చిన రోజున లస్కరు మామూలు మట్టాలు చూడడు.

పెద్ద జబ్బు చేసినప్పుడు ఏం జరుగుతుంది

తీవ్రమైన ఇన్‌ఫెక్షను, గుండెపోటు, పెద్ద ఆపరేషను, కాలిన గాయాలు, ఏదైనా సరే, శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది. టి4ను టి3గా మార్చే పని మందగిస్తుంది. ఆ టి4 పనికిరాని ఇంకో రూపంలోకి మళ్ళిపోతుంది. దానికి రివర్స్ టి3 అని పేరు. అందువల్ల అన్నిటికంటే ముందు పడిపోయేది టి3. ఇది ఒకటి రెండు రోజుల్లోనే కనిపిస్తుంది. రెండు మూడు రోజులు పూర్తిగా తిండి మానేసినా టి3 తగ్గుతుంది. జబ్బు ముదిరి, రోజులు గడిచేకొద్దీ టి4 కూడా తగ్గుతుంది. టి4 బాగా పడిపోయిందంటే రోగి పరిస్థితి విషమంగా ఉందని అర్థం. అది థైరాయిడ్ గురించి కంటే అసలు జబ్బు తీవ్రత గురించే ఎక్కువ చెబుతుంది.

ఇంత తగ్గినా టి.ఎస్.హెచ్. పెరగదు. పిట్యూటరీ కూడా నిదానించి ఉంటుంది కాబట్టి మామూలుగానో, మామూలు కంటే తక్కువగానో ఉంటుంది. పైగా ఐ.సి.యు.లో రక్తపోటు నిలబెట్టడానికి ఇచ్చే డోపమిన్, ఇంకా డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు టి.ఎస్.హెచ్.ను మరింత అణుస్తాయి. స్టెరాయిడ్లు టి3 తయారీని కూడా తగ్గిస్తాయి. 2020, 2021 కోవిడ్ రోజుల్లో ఆక్సిజన్ మీద ఉన్నవారికి డెక్సామెథసోన్ విరివిగా ఇచ్చారు. ఆ రోజుల నాటి థైరాయిడ్ రిపోర్టు మీ ఫైలులో ఉంటే ఈ సంగతి మనసులో పెట్టుకుని చూడాలి.

మనిషి కోలుకునేటప్పుడు లస్కరు మళ్ళీ డ్యూటీలోకి వస్తాడు. ఖాళీ అయిన కాలువ నింపడానికి షట్టర్లు పూర్తిగా ఎత్తేస్తాడు. అప్పుడు టి.ఎస్.హెచ్. హద్దు దాటి పెరుగుతుంది, ఒక్కోసారి 20 దాకా పోతుంది. కొన్ని వారాల్లో దానంతట అదే కిందికి దిగుతుంది. మన పెద్దాయన పరీక్ష చేయించుకున్నది సరిగ్గా ఈ సమయంలో. ఆ 13 జబ్బుకు గుర్తు కాదు, కోలుకుంటున్నాడనడానికి గుర్తు.

మెడలో వాపు లేదు. థైరాయిడ్ మీద దాడిచేసే యాంటీబాడీల పరీక్ష కూడా మామూలుగానే వచ్చింది. బిళ్ళ ఆపించి ఆరు వారాలు ఆగి చూస్తే టి.ఎస్.హెచ్. 2.8. దడ అంతకు ముందే తగ్గిపోయింది. ఆరు వారాలే ఎందుకంటారా? రక్తంలో ఉన్న టి4 సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. మార్పు తర్వాత పిట్యూటరీ కొత్త మట్టానికి సర్దుకోవడానికి ఆరు వారాలైనా కావాలి. ఈలోగా చేయించే పరీక్షలు దండగ.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే కీడు జరుగుతుంది. ఇది చదివి ఎవరూ తమ థైరాక్సిన్ బిళ్ళ సొంతంగా మానేయవద్దు. థైరాయిడ్ ఆపరేషను అయినవారికీ, అయోడిన్ వైద్యం తీసుకున్నవారికీ, ఏళ్ళ తరబడి టి.ఎస్.హెచ్. ఎక్కువగా ఉన్నవారికీ ఆ బిళ్ళ అన్నంతో సమానం. ఆసుపత్రిలో చేరినప్పుడు కంగారులో ఈ బిళ్ళ సంగతి చెప్పడం మరిచిపోయేవారు చాలామంది. వారం పది రోజులు ఎవరికీ తెలియకుండానే మందు ఆగిపోతుంది. అడ్మిషను రోజునే సిస్టరుకు చెప్పండి.

"తక్కువగా ఉంది కదా, జబ్బులోనే హార్మోను ఇస్తే త్వరగా కోలుకుంటారేమో" అన్న ఆలోచన డాక్టర్లకూ వచ్చింది. ఐ.సి.యు. రోగులకు అలా ఇచ్చి చూశారు. చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. కాబట్టి పెద్ద జబ్బుతో వార్డులో ఉన్న మనిషికి, గట్టి అనుమానం ఉంటే తప్ప, థైరాయిడ్ పరీక్ష జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. గట్టి అనుమానం అంటే గుండె కొత్తగా లయ తప్పడం, మరీ నెమ్మదిగా కొట్టుకోవడం, ఒళ్ళు చల్లబడి స్పృహ తగ్గడం, మెడలో గడ్డ, మెడ మీద పాత ఆపరేషను మచ్చ వంటివి. అలాంటప్పుడు పరీక్ష చేయాల్సిందే. టి.ఎస్.హెచ్. 20 దాటినా, లేదా యంత్రానికి అందనంతగా అడుగంటినా అసలైన థైరాయిడ్ జబ్బే ఉండే అవకాశం ఎక్కువ. మధ్యలో వచ్చే అంకెలకు ఓపికే మందు.

టి.ఎస్.హెచ్. బాగుందని మోసపోయే సందర్భం

దీనికి పూర్తిగా ఎదురు సంగతి ఒకటి ఉంది. లస్కరే దెబ్బతింటే? టి4 పడిపోయినా టి.ఎస్.హెచ్. పెరగదు. రిపోర్టులో అది "నార్మల్" అనే ఉంటుంది. టి.ఎస్.హెచ్. ఒక్కటే చేసే ప్యాకేజీ పరీక్షల్లో ఈ జబ్బు దొరకదు.

మన ప్రాంతంలో ఇలాంటివారు రెండు రకాలుగా వస్తారు. ఒకరు, కాన్పులో రక్తం విపరీతంగా పోయి ఎలాగో బతికిన తల్లి. బిడ్డకు పాలు పడలేదు, మళ్ళీ ముట్టు రాలేదు, ఏళ్ళ తరబడి నీరసం. కాన్పులో రక్తం అందక పిట్యూటరీ దెబ్బతింది. రెండవవారు, రక్తపింజర కాటుకు గురై బతికినవారిలో కొందరు. ఆ విషం వల్ల పిట్యూటరీలో రక్తస్రావమై, లక్షణాలు నెలలకో, ఏళ్ళకో బయటపడవచ్చు. వీరికి టి.ఎస్.హెచ్.తోపాటు ఫ్రీ టి4, కార్టిసాల్ పరీక్షలు కూడా చేయాలి. కార్టిసాల్ తక్కువగా ఉంటే ముందు స్టెరాయిడ్ ఇచ్చి, ఆ తర్వాతే థైరాక్సిన్ మొదలుపెట్టాలి. వరస తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని "అమ్మా, నీ కాన్పు ఎలా జరిగింది?", "ఎప్పుడైనా పాము కరిచిందా?" అని డాక్టరు అడిగితే విసుక్కోకండి.

మందులు చేసే పని

గుండె లయ కోసం వాడే అమియోడరోన్ గురించి ముందు చెప్పాలి. ఈ మందు బరువులో మూడో వంతుకు పైగా, నూటికి 37 పాళ్ళు, అయోడినే. మనకు రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. ఒక్క 200 మిల్లీగ్రాముల బిళ్ళ నుంచి ఆరేడు వేల మైక్రోగ్రాముల అయోడిన్ రక్తంలోకి వస్తుంది. దీనివల్ల కొందరికి థైరాయిడ్ మందగిస్తుంది, మరికొందరికి అతిగా పనిచేస్తుంది. మొదటి మూడు నెలల్లో ఏ జబ్బూ లేకుండానే టి.ఎస్.హెచ్. కొంచెం పెరిగి తగ్గవచ్చు. కాబట్టి మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత ఆరు నెలలకొకసారి పరీక్ష అవసరం. మందు ఆపేసినా కొవ్వులో నిల్వ ఉండి నెలల తరబడి పని చేస్తూనే ఉంటుంది. "అది ఎప్పుడో మానేశానండీ" అన్నా సరే, మాకు చెప్పండి. బాగున్న గుండె మళ్ళీ లయ తప్పితే, గుండె మందు పెంచే ముందు థైరాయిడ్ చూడాలి.

టి.బి. మందులు మన దగ్గర ఎక్కువమంది వాడేవి. రిఫాంపిసిన్ కాలేయాన్ని చురుకు చేసి థైరాక్సిన్‌ను త్వరగా ఖర్చు చేయిస్తుంది. థైరాయిడ్ మామూలుగా ఉన్నవారికి దీనివల్ల ఇబ్బంది ఉండదు, గ్రంథి ఇంకాస్త తయారుచేసుకుంటుంది. థైరాక్సిన్ బిళ్ళ మీద ఆధారపడినవారికే చిక్కు. టి.బి. కోర్సు మొదలైన రెండు నెలలకు టి.ఎస్.హెచ్. పెరిగితే, వారు బిళ్ళ సరిగా వేసుకోవడం లేదని మందలించకూడదు, డోసు పెంచాలి. కోర్సు అయిపోయాక మళ్ళీ పరీక్ష చేసి తగ్గించాలి. ఈ రెండో పని చాలామంది మరిచిపోతారు. మామూలు మందులకు లొంగని టి.బి.కి కొందరికి ఇచ్చే ఇథియోనమైడ్, పాస్ అనే మందులు మాత్రం థైరాయిడ్‌నే మందగింపజేస్తాయి. అవి వాడుతున్నంతకాలం టి.ఎస్.హెచ్. చూస్తూ ఉండాలి. మందు ఆపాక సాధారణంగా సర్దుకుంటుంది.

మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ తీసుకునేవారికి రిపోర్టులో టి4 తక్కువగా కనిపించవచ్చు. టి.ఎస్.హెచ్. మామూలుగా ఉండి, మనిషి బాగుంటే చికిత్స ఏమీ అక్కరలేదు. మానసిక వ్యాధికి లిథియం వాడేవారికి థైరాయిడ్ నిజంగానే మందగించే అవకాశం ఉంది, ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించాలి. కాన్సరుకు ఇచ్చే కొన్ని కొత్త మందులు కూడా ఇలాంటివే, ఆ డాక్టర్లే పరీక్షలు రాస్తారు. సి.టి. స్కాను, యాంజియోగ్రాం కోసం ఎక్కించే మందులోనూ అయోడిన్ ఉంటుంది. అది చేయించుకున్న తేదీ చెప్పడం మరవద్దు.

హెపారిన్ ఇంజెక్షను చేసే పని విచిత్రం. అది మనిషికి ఏమీ చేయదు, తీసిన రక్తంలో చేస్తుంది. ల్యాబుకు చేరి పరీక్షలో పడేలోగా సీసాలోనే ఫ్రీ టి4 ఎక్కువగా కనబడేట్టు చేస్తుంది.

జుట్టు బిళ్ళలు

ఇది మందు కాదనుకుని ఎవరూ చెప్పరు. జుట్టు రాలకుండా, గోళ్ళు గట్టిపడడానికి అని అమ్మే బిళ్ళల్లో బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. రోజుకు మనకు కావలసింది 30 మైక్రోగ్రాములు. ఆ బిళ్ళల్లో కొన్నింటిలో 5,000 నుంచి 10,000 దాకా ఉంటుంది. బయోటిన్ థైరాయిడ్‌ను ఏమీ చేయదు. కానీ చాలా ల్యాబు యంత్రాలు పరీక్షలో బయోటిన్‌నే జిగురులా వాడతాయి. రక్తంలో అది ముందే నిండి ఉంటే లెక్క తప్పుతుంది. టి.ఎస్.హెచ్. ఉన్నదానికంటే తక్కువగా, టి3, టి4 ఎక్కువగా చూపిస్తుంది. అంటే థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నవారి రిపోర్టు అచ్చం ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. 2017లో దీని మీద హెచ్చరిక ఇచ్చి, 2019లో మళ్ళీ చెప్పింది.

చిక్కు ఎక్కడంటే, జుట్టు రాలడం థైరాయిడ్ మందగించినవారి లక్షణం కూడా. ఒక అమ్మాయికి జుట్టు రాలుతుంది, షాపులో బిళ్ళలు కొనుక్కుంటుంది, తర్వాత థైరాయిడ్ అనుమానం వచ్చి పరీక్షకు వస్తుంది. నిజంగా మందగించి ఉన్నా రిపోర్టు బాగుందని చూపించవచ్చు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆ బిళ్ళలు ఆపాలి. చాలా పెద్ద డోసులో వాడుతుంటే ఇంకా ఎక్కువ రోజులు కావాలి. మనిషి నిబ్బరంగా, ఏ దడా లేకుండా ఎదురుగా కూర్చుని ఉంటే, రిపోర్టు మాత్రం భయంకరంగా ఉంటే, ముందు రిపోర్టునే అనుమానించాలి.

గర్భిణులు, కిడ్నీ రోగులు

రక్తంలో తిరిగే థైరాయిడ్ హార్మోనులో నూటికి 99 పాళ్ళకు పైగా ప్రొటీన్లకు అంటుకుని ఉంటుంది. విడిగా ఉన్న ఆ కాస్తే పనిచేస్తుంది. గర్భంతో ఉన్నప్పుడూ, కుటుంబ నియంత్రణ బిళ్ళలు వాడేటప్పుడూ ఈ ప్రొటీను పెరుగుతుంది. కాబట్టి మొత్తం టి4 ఎక్కువగా కనబడుతుంది, జబ్బు లేకుండానే. మూత్రంలో ప్రొటీను పోయే కిడ్నీ జబ్బులో దీనికి తారుమారుగా తక్కువ కనబడుతుంది. అందుకే ఇలాంటివారికి "టోటల్" కంటే "ఫ్రీ" పరీక్ష మేలు, అది కూడా టి.ఎస్.హెచ్.తో కలిపి చూడాలి. గర్భం మొదటి మూడు నెలల్లో టి.ఎస్.హెచ్. సహజంగానే కొంత తగ్గుతుంది. ఇప్పటికే థైరాక్సిన్ వాడే స్త్రీకి మాత్రం గర్భం నిలిచిందని తెలియగానే డోసు పెంచాల్సి వస్తుంది, ఆ వారంలోనే డాక్టరును కలవాలి.

గర్భిణులకు ఇచ్చే ఐరన్, కాల్షియం బిళ్ళలు థైరాక్సిన్‌ను పేగుల్లోనే పట్టి ఉంచుతాయి. మూడూ ఒకే గుక్కలో మింగితే టి.ఎస్.హెచ్. పెరుగుతుంది, డోసు చాలడం లేదని ఇంకా పెంచుతారు. థైరాక్సిన్ తెల్లవారుజామున పరగడుపున వేసుకుని, మిగిలినవాటికి నాలుగు గంటలు ఎడం ఇవ్వండి. గ్యాసుకు తాగే తెల్లటి సిరప్‌కూ ఇదే నియమం.

పరీక్ష రోజున

టి.ఎస్.హెచ్. పరీక్షకు పరగడుపు తప్పనిసరి కాదు, కానీ ప్రతిసారీ దాదాపు ఒకే వేళకు ఇవ్వడం మంచిది. ఉదయం కంటే మధ్యాహ్నం కాస్త తక్కువ చూపిస్తుంది. ఆ రోజు థైరాక్సిన్ బిళ్ళ రక్తం ఇచ్చాక వేసుకోండి. ముందే వేసుకుంటే కొన్ని గంటలపాటు ఫ్రీ టి4 ఎక్కువగా కనబడుతుంది. రెండు నెలలు మానేసి, పరీక్ష వారం ఉందనగా బుద్ధిగా మొదలుపెట్టేవారి సంగతి కూడా రిపోర్టే చెప్పేస్తుంది. టి4 బాగుంటుంది, టి.ఎస్.హెచ్. ఎక్కువగా ఉంటుంది. తిట్టం, నిజం చెప్పండి. చెప్పకపోతే అక్కరలేని డోసు పెరుగుతుంది.

వచ్చేటప్పుడు ఇంట్లో వాడే బిళ్ళలన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. బి.పి., షుగరు బిళ్ళలే కాదు, జుట్టు బిళ్ళలు, బలానికి వాడే విటమిన్లు, సన్నబడడానికి కొన్న పొడులు, నాటు మందులు, అన్నీ. గత మూడు నెలల్లో ఆసుపత్రిలో చేరి ఉంటే ఆ డిశ్చార్జి కాగితం కూడా ఆ సంచిలోనే పెట్టండి. ల్యాబులో రక్తం తీసే అమ్మాయికి కూడా చీటీ వెనుక రాయమని చెప్పండి: ఏ జబ్బు నుంచి కోలుకుంటున్నారు, ఏ మందు వాడుతున్నారు, చివరి థైరాక్సిన్ బిళ్ళ ఎన్ని గంటలకు వేసుకున్నారు. మన పెద్దాయన ఇప్పుడు జ్వరం వచ్చినా సంచితోనే వస్తున్నారు. కిందటిసారి అందులో పొలానికి కొట్టే మందు రసీదు కూడా ఉంది.